రాయి యైన తల్లి : హోల్బెర్గు ప్రహసనమున పాండిత్యము, లోకజ్ఞానము

"చదవవేసిన ఉన్న మతి పోయినది" అను సామెతను తెలుగునాట మొదట ఎవరు పలికిరో తెలియదు గాని, ఆ పలికిన నోరు చదువురానిది కాదని నాకు తోచును. చదువును లోపలినుండి ఎరిగినవాడే చదువును ఇంత నేర్పుగా ఎత్తిపొడువగలడు. పండితులను పరిహసించు ప్రహసనములలో మేలైనవి తరచుగా పండితుల చేతనే రచింపబడుట ఇందుకు సాక్ష్యము. డేనిష్ భాషలో లుడ్విగ్ హోల్బెర్గు రచించిన "ఎరాస్మస్ మొంటానస్" అట్టిది. దీనిని గూర్చి సామాన్యముగా చెప్పబడు మాట యొకటి కలదు. ఇందు వట్టి పుస్తకపాండిత్యమునకు పరాజయమును, లోకజ్ఞానమునకు విజయమును చూపబడినవని ఆ మాట. నాటకమును ఒక్కమారు చదివినవారికి అది నిజమనియే తోచును. మరల చదివినవారికి ఒక చిక్కు ఎదురగును. ఓడిన పండితుడు చెప్పిన ముఖ్యవిషయము సత్యము. గెలిచిన గ్రామము నమ్మిన విషయము అసత్యము. భూమి గుండ్రముగా నున్నదని వాదించినవాడు తుదకు దెబ్బలకు వెరచి అది చదునైనదని ఒప్పుకొనును. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వు దేనిని చూచి పుట్టినది? మనము విశ్వవిద్యాలయములలో చదువు చెప్పువారము గనుక ఈ ప్రశ్నను దాటవేయుటకు మనకు వీలులేదు.

హోల్బెర్గు 1684లో నార్వేలోని బెర్గెను పట్టణమున జన్మించెను. ఆనాడు నార్వే, డెన్మార్కులు ఒకే రాజు ఏలుబడిలో నుండెడివి. యౌవనమున ఐరోపాఖండమున పలుదేశములు తిరిగి, ఆక్స్‌ఫర్డునందు కొంతకాలము గడపి, 1717లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయనకు దక్కిన పీఠము మెటాఫిజిక్సు. ఆ శాస్త్రమనిన ఆయనకు ఏమాత్రము గౌరవము లేదు. జీతము కొరకు దానిని భరించి, 1720లో లాటిను పీఠమునకు, 1730లో తనకు ప్రియమైన చరిత్రపీఠమునకు మారెను. ఈ నడుమనే, 1722లో, కోపెన్‌హేగనునందు డేనిష్ భాషలో నాటకములాడు రంగశాల యొకటి తెరువబడినది. ఆ రంగశాల కొరకు కొలది యేండ్లలో ఆయన ఇరువదికి పైగా హాస్యనాటకములు వ్రాసెను. పగలు లాటినులో పాఠము, రాత్రి ఇంటిభాషలో ప్రహసనము! ఈ రెండు జీవితముల నడుమ నున్న గోడలో పడిన బీటయే "ఎరాస్మస్ మొంటానస్" అని నేననుకొందును. అది 1723 ప్రాంతమున రచింపబడి, 1731లో అచ్చుపడి, 1747లో గాని రంగమెక్కలేదు. 1728లో రాజధాని చాలభాగము అగ్నికి ఆహుతియయ్యెను. పిమ్మట 1730లో రాజ్యమునకు వచ్చిన ఆరవ క్రిస్టియను కాలమున మతనిష్ఠ ముదిరి నాటకములు మూతపడెను. 1746లో ఆ రాజు గతించినపిమ్మటగాని రంగశాలకు మరల ఊపిరి రాలేదు.

కథ సులభమైనది. యెప్పె బెర్గు అను రైతునకు ఇరువురు కుమారులు. పెద్దవాడు రాస్మసు, తలిదండ్రులు ఉన్నదంతయు ఊడ్చి అతనిని కోపెన్‌హేగనులో చదివించిరి. చిన్నవాడు యాకోబు, పొలము దున్నుచున్నాడు. చదువు ముగించి రాస్మసు స్వగ్రామమునకు వచ్చును. వచ్చునపుడు దారిలో తనతో తానే వాదించుకొనుచు బండిలోనుండి క్రిందపడెనట! పేరు కూడ మారినది. "బెర్గ్" అనగా కొండ. దానిని లాటినులోనికి మార్చి "మొంటానస్" అనియు, రాస్మసును పెంచి "ఎరాస్మస్" అనియు చేసికొన్నాడు. మన కొండయ్య కాశికి పోయి పర్వతాచార్యుడై వచ్చినట్లు. సొంత తమ్ముడు "అన్నా" అని పిలిచిన అతనికి సరిపడదు; "మొస్యూ మొంటానస్" అనవలెను. ఊరిలో ధనికుడగు యెరోనిముసు తన కుమార్తె లిస్బెడును ఇతనికి ఇచ్చుటకు నిశ్చయించుకొని యున్నాడు. ఊరిచర్చిలో కీర్తనలు పాడించుచు పాదిరికి తోడ్పడు పేరు అను ఉద్యోగి (డేనులు అట్టి వానిని డెగ్న్ అందురు) అంతవరకు గ్రామమునకు ఏకైక పండితుడు. అతని గుట్టు బయటపడు దినము వచ్చినది. నాటకమునకు కావలసిన నిప్పు ఇది చాలును.

ఈ నాటకమున లోకప్రసిద్ధమైన ఘట్టము తల్లికి సంబంధించినది. తన చదువు ఎట్టిదో తల్లి నిల్లెకు చూపదలచి ఎరాస్మసు ఆమెను రాయిగా నిరూపించును. రాయి ఎగురలేదు, అమ్మ ఎగురలేదు, కావున అమ్మ రాయి. ఆ ముసలమ్మ మొదట నమ్మదు. కొడుకు చదివినవాడు, అతని మాటలో తప్పు ఎక్కడ నున్నదో ఆమెకు కనబడదు. అంతట కాళ్లు చల్లబడుచున్నట్లు తోచి ఏడ్చును. కొడుకు జాలిపడి, రాయి మాటాడలేదు, తలపోయలేదు, నీవు మాటాడుచున్నావు, తలపోయుచున్నావు, కావున నీవు రాయివి కావని మరియొక అనుమానముతో ఆమెను మరల మనిషిని చేయును. అహల్యను ఎరిగిన మన ప్రేక్షకునికి ఈ ఘట్టము మరింత రుచించును. అక్కడ రాయి యగుటకు ఋషి శాపము, మరల స్త్రీ యగుటకు దేవుని పాదధూళి కావలసి వచ్చెను. ఇక్కడ రెంటికిని ఒక విద్యార్థి నోరు చాలినది.

ఈ హాస్యమును పైపైన చూచి పోరాదు. న్యాయశాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, మొదటి అనుమానమున హేతువు "ఎగురలేకపోవుట". అది రాతియందును కలదు, రాయి కాని గోవునందును కలదు. సపక్షవిపక్షముల రెంటియందును వర్తించు ఇట్టి హేతువు సాధారణానైకాంతికము, హేత్వాభాసము. తర్కసంగ్రహము చదువు పిల్లవాడు సైతము మొదటి నెలలో దీనిని పట్టుకొనును. రెండవ అనుమానమో, నిర్దుష్టమైనది. రాయి యందు ఎన్నడును ఉండని ధర్మము అమ్మయందున్నది గనుక అమ్మ రాయి కాదు. కావున ఎరాస్మసునకు తర్కము రాక తప్పు చేయలేదు. సరియైన అనుమానము చేయుట అతనికి తెలియును. ఎదుట నున్నది తల్లి గనుక, ఆమె తప్పు పట్టలేదు గనుక, తప్పుడుదానిని మొదట ప్రయోగించెను. ఇక్కడ హోల్బెర్గు ఎత్తిచూపిన దోషము బుద్ధిలో కంటె నడవడిలో ఎక్కువగా నున్నది. మరియొక విషయము: తల్లికి ఆ రెండు అనుమానములును సమానమే. తప్పుడుది విని ఏడ్చినది, ఒప్పుడుది విని ఊరడిల్లినది. రెంటికిని ఒకటే నమ్మకము. చదువు చెప్పనివారి యెదుట చదివినవాడు చేయు నిజమును అబద్ధమును ఒకే వెలకు చెల్లును. ఇది నవ్వులాటగా మొదలై భయము పుట్టించు సంగతి.

గౌతముడు కథను మూడు విధములుగా విభజించెను. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలువగోరి ఛలమును జాతిని వాడుచు చేయునది జల్పము. తనదంటూ పక్షము లేక ఎదుటివాని పక్షమును కూల్చుటయే పనిగా చేయునది వితండ. కోపెన్‌హేగనులో ఆనాడు లాటినులో నడచిన వివాదసభలు మొదట వాదముకొరకే ఏర్పడినవి గాని కాలక్రమమున జల్పమునకు కసరతుశాలలైనవి. ఎరాస్మసు అక్కడ తయారైన మల్లుడు. ఊరికి వచ్చి మల్లులు లేక తపించును. అమ్మ దొరికిన అమ్మతో, చర్చి పాటగాడు దొరికిన పాటగానితో కుస్తీ. ఆ పేరు అనువానిని కోడిపుంజుగా నిరూపించిన పద్ధతియు ఇట్టిదే. కోడిపుంజు కూసి నిద్రపోవువారిని లేపును, తన కంఠమును చూచి గర్వించును, ఇతడును అంతే. చర్చిలో ఉపన్యాసము నడుచుచుండగా నిద్రించువారు ప్రతియూరను కలరు గనుక ఈ పోలిక ఆనాటి ప్రేక్షకులకు మిక్కిలి నచ్చి యుండును.

ఈ పేరు అనువాడు అల్పపాత్ర కాడు. నాటకకర్తృత్వశక్తి నిజముగా తెలియవలెనన్న ఇతనిని చూడవలెను. శవము పూడ్చునపుడు బంధువులతో బేరమాడును. సన్నని ఇసుక వేయవలెనా, మామూలు మన్ను చాలునా? ఇసుకకు ఒక వెల, మంటికి ఒక వెల. ఎన్నడో చదివి మరచిన లాటిను ముక్కలు కొన్ని నోట మిగిలియున్నవి. వానితోనే ఊరిలో పండితుడుగా చెల్లుబడి. ఎరాస్మసు వచ్చి లాటినులో నిలదీసినపుడు ఇతడు తడబడక, వ్యాకరణపుస్తకమున బట్టీపట్టిన పదములను వరుసగా అప్పగించును. న్యాయసూత్రములలో చెప్పిన ఇరువదిరెండు నిగ్రహస్థానములలో "నిరర్థకము" అనునది యొకటి. అర్థములేని అక్షరముల వరుస చదువుట. గౌతముని సభలో అట్టివాడు తక్షణము ఓడును. ఇక్కడ గెలుచుచున్నాడు. ఏలన తీర్పరులకు లాటిను రాదు. వారికి వినవచ్చునది ధార మాత్రమే. ఎరాస్మసు ఇది వట్టి అర్థరహితమని మొత్తుకొన్న కొలది వారికి అతడే ఓడినట్లు కనబడును.

ఈ ఘట్టము చదివినపుడు తెలుగువానికి "కన్యాశుల్కము" జ్ఞప్తికి రాక మానదు. గురజాడ అప్పారావుగారి ఆ నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో మారిన రూపమున రెండవ కూర్పుగా వెలువడెను. అందు వెంకమ్మ ఒక్కమారు ఇంగ్లీషు మాటాడి వినిపింపుడని గిరీశమును, తన కుమారుడు వెంకటేశమును అడుగును. వారిరువురు సంభాషణ సాగించినట్లు నటించుచు, పిల్లల పద్యము, క్షేత్రగణితము, వ్యాకరణసూత్రము ఒకదానిపై ఒకటి అప్పగింతురు. తల్లి మురిసిపోవును. పేరు చేసినదియు ఇదియే. హోల్బెర్గును గురజాడ చదివెనని నేననను. అట్లనుటకు ఆధారమక్కరలేదు కూడ. ఏ దేశమున చదువు పరభాషలో నడచునో ఆ దేశమున ఈ ప్రహసనము దానంతటదే పుట్టును. డెన్మార్కున లాటిను, మన దేశమున మొదట సంస్కృతము, తరువాత ఆంగ్లము. మొంటానస్ అన్నను గిరీశమన్నను కొండకు సంబంధించిన పేర్లే యగుట మాత్రము కాకతాళీయమైన వింత.

పోలిక ఇంతే. భేదము ముఖ్యమైనది. గిరీశమునకు తాను మోసము చేయుచున్నానని తెలియును. అతడు చదువును నమ్మినవాడు కాడు. చదువును నమ్మినవారిని ఎరిగినవాడు. ఎరాస్మసు చదువును నిజముగా నమ్మినవాడు. అందుచేత గిరీశము చివర "డామిట్" అని తప్పుకొనగలడు గాని ఎరాస్మసునకు తప్పుకొను దారి లేదు. గిరీశమును చూచి మనము నవ్వుచునే కొంత మెచ్చుకొందుము. ఎరాస్మసును చూచి నవ్వుచునే కొంత సిగ్గుపడుదుము. వృత్తిచేత అధ్యాపకులైనవారికి ఈ సిగ్గు మరికొంత ఎక్కువ యుండవలెను.

ఇక లోకజ్ఞానము మాట. ఆ పక్షమున నిలిచినవాడు యాకోబు. అన్నదమ్ముల సంభాషణ నాటకమునకు వెన్నెముక. మీరు ఏయే విషయములు చర్చింతురని తమ్ముడడుగగా, దేవదూతలు మనుష్యులకంటె ముందు సృష్టింపబడిరా, భూమి గుండ్రమా అండాకారమా, సూర్యచంద్రుల పరిమాణమెంత అనునవి ఎరాస్మసు ఏకరువు పెట్టును. యాకోబు సమాధానము మిక్కిలి ప్రసిద్ధము. పాలేర్లు పని చేసినచో చాలును, భూమి ఎనిమిది మూలలు గలదని వారన్నను తనకు బాధలేదని అతని భావము. రంగస్థలమున ఈ మాటకు చప్పట్లు మ్రోగును. అధ్యాపకులు సైతము చప్పట్లు కొట్టుదురు. ఆ మాటను మాత్రము ఒకమారు నిలిపి చూడుడు. యాకోబు ఎరాస్మసు తప్పని చెప్పలేదు. భూమి ఆకారము తనకు పనికిరాదని మాత్రమే చెప్పెను. పనికివచ్చునది మాత్రమే తెలియదగినదని దీని అంతరార్థము. యాకోబు సజ్జనుడు, కష్టజీవి, అన్న చదువునకు తన చెమట ధారపోసినవాడు. అతనికి ఈ మాట చెల్లును. కాని అదే మాటను యెరోనిముసు పలికినపుడు ఏమైనది? భూమి గుండ్రమని ఒప్పుకొనువానికి కూతునియ్యనని శాసించెను. యాకోబు ఉదాసీనత యెరోనిముసు చేతిలో శిక్షయైనది. లోకజ్ఞానమునకు ఈ రెండు ముఖములు కలవని హోల్బెర్గు చూపెను; విమర్శకులు మొదటి ముఖమునే చూచి మురిసిరి.

మన వాఙ్మయమున పండితునకు లౌకికునకు జరిగిన సంవాదములలో నాకు మిక్కిలి ఇష్టమైనది పతంజలి మహాభాష్యమున నున్నది. ఒక వైయాకరణుడు రథమును చూచి దాని ప్రవేత ఎవడని అడుగును. సారథి తాను దాని ప్రాజితనని చెప్పును. వైయాకరణుడు అది అపశబ్దమని కసరును. నీకు సూత్రప్రాప్తి మాత్రమే తెలియును గాని ఇష్టప్రయోగము తెలియదని సారథి బదులు పలుకును. కోపించిన వైయాకరణుడు సూతశబ్దమును తప్పుగా విడదీసి అతనిని "దురుతుడు" అని తిట్టగా, ఆ వ్యుత్పత్తియే తప్పు, తిట్టదలచిన "దుస్సూత" అనవలెనని సారథి దిద్దును. ఈ సారథి యాకోబు వంటివాడు కాడు. ఏ శబ్దమన్నను నాకేమి, గుఱ్ఱములు నడచిన చాలునని అతడనలేదు. పండితుని తప్పును పండితుని శాస్త్రముతోనే చూపెను. సూత్రమునకు మీద ప్రయోగము కలదను సిద్ధాంతము ఇందు స్థాపింపబడినది. దానిని స్థాపించినవాడు చదువును త్రోసిపుచ్చక, చదువును నేలకు దింపి నిలిపినవాడు. తెలుగునాట 1910 ప్రాంతమున మొదలైన వ్యావహారికభాషావాదమున గిడుగు రామమూర్తిపంతులుగారు చేసిన పని ఈ సారథి పనియే. ఆయన వ్యాకరణము వలదనలేదు. శాసనములు, కావ్యములు, వ్యాఖ్యానములు తిరుగవేసి, పండితులు తప్పనుకొన్నది తప్పు కాదని పండితులకు ప్రయోగములతో చూపెను. ఆ వాదమున ఆయనకు ఎదురు నిలిచిన జయంతి రామయ్యపంతులుగారి పక్షమున సైతము శాస్త్రనిష్ఠ లేకపోలేదు. అది యాకోబునకు ఎరాస్మసునకు జరిగిన పోరాటమైయుండిన యెడల మనకింత సరకు మిగులదు.

ఎరాస్మసు లోపమును ఇప్పుడు సరిగా చెప్పవచ్చును. భూమి గుండ్రమనుట అతని తప్పు కాదు. ఆ సత్యమును అతడు అమ్మను రాయి చేసిన నోటితోనే చెప్పుచున్నాడు. విన్నవారికి రెంటికి భేదము తెలియదు. తెలియజేయుటకు అతడు పూనుకొన్నవాడును కాడు. గుండ్రని నేలపై అడుగున నున్నవారు తలక్రిందులై పడిపోరా అని అడుగు పల్లెవాని ప్రశ్న మూర్ఖపు ప్రశ్న కాదు. బుద్ధిమంతుని మొదటి ప్రశ్న. 499వ సంవత్సరము నాటికి ఇరువదిమూడేండ్లవాడైన ఆర్యభటుడు ఆ ప్రశ్నను ఎరుగును. కదంబపుష్పపు బంతిని కేసరములు అన్ని వైపుల ఆవరించియున్నట్లు భూగోళమును ప్రాణులు ఆవరించియున్నవని అతడు ఉపమించెను. కడిమిపూవును చూచిన పల్లెవాడు ఎవడైనను దీనిని పట్టుకొనగలడు. 1150లో భాస్కరాచార్యుడు మరియొక సందేహమును తీర్చెను. పెద్దవృత్తపు పరిధిలో నూరవవంతు చూచువానికి సరళరేఖగానే కనబడును. భూమి మిక్కిలి పెద్దది, మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు, అందుచే అతనికి నేల చదునుగా తోచునని. ఈ రెండు సమాధానములలోను ఒక మర్యాద కలదు. ఎదుటివాని కంటికి కనబడినదానిని అబద్ధమని త్రోసివేయక, అట్లు కనబడుటకు కారణము చెప్పుట. ఎరాస్మసు వాదములో లేనిది ఈ మర్యాదయే. అతనికి ఎదుటివారి అజ్ఞానము కావలెను; అది పోయిన యెడల అతని గెలుపు పోవును.

ప్రహసనమున తరువాతి మలుపు లెఫ్టినెంటు. పిల్లలు తలిదండ్రులను కొట్టవలెనని నిరూపించినచో ఒక డకటు నాణెము ఇత్తునని ఇతడు పందెము కట్టును. ఎరాస్మసు వెనుదీయడు. పుచ్చుకొన్నది తిరిగి ఇయ్యవలెను, బాల్యమున తలిదండ్రులనుండి దెబ్బలు పుచ్చుకొంటిని, కావున తిరిగి ఇయ్యవలెను. లెఫ్టినెంటు నాణెమును అతని చేతిలో పెట్టి, రాజుగారి సైన్యమున చేరుటకు బయానా పుచ్చుకొన్నావు, ఇక నీవు సిపాయివని చెప్పును. ఇది చదివిన వారికి గ్రీకు ప్రహసనకర్త అరిస్టొఫనీసు తలపునకు వచ్చును. క్రీస్తుపూర్వము 423లో ఆడిన "మేఘములు" అను నాటకమున సోక్రటీసు బడిలో చదివి వచ్చిన కొడుకు తండ్రిని కొట్టి, అది న్యాయమని తర్కముతో నిలబెట్టును. అక్కడ తండ్రి బడికి నిప్పుపెట్టును. ఆ నాటకము ఆడిన ఇరువదినాలుగేండ్లకు ఏథెన్సు నగరము సోక్రటీసునకు నిజముగానే విషమిచ్చినది. ప్రహసనమునకు ఆ పాపమంతయు అంటగట్టుట న్యాయము కాదు గాని, చదివినవానిని చూచి ఊరు నవ్వుట ఎల్లప్పుడును అమాయకమైన పని కాదని ఆ చరిత్ర చెప్పుచున్నది.

హోల్బెర్గు ఆ అపాయమును ఎరిగినవాడని నా నమ్మకము. లేనియెడల లిస్బెడు ఉత్తరమును అచ్చట పెట్టడు. భూమి సంగతి వదలుకొమ్మని, లేకున్న తనకు వివాహము లేదని ఆ పిల్ల వ్రాయును. ఎరాస్మసు చలించును. ఉత్తరము చేతబట్టుకొని తనలో తాను కొట్టుకొనును. చివరకు వదలుకొనజాలనని నిశ్చయించును. ఈ ఒక్క నిమిషమున అతడు పరిహాసపాత్ర కాడు. ఇక్కడ అతనిని నిలిపినది తర్కగర్వమా, సత్యనిష్ఠయా? రెండును కలిసియున్నవి, వానిని విడదీయుటకు నాటకకర్త మనకు కత్తి ఇయ్యలేదు. ప్రేమ వంచలేని వానిని పిమ్మట కార్పొరలు కర్ర వంచినది. కవాతు నేర్పునపుడు తిన్న దెబ్బలకు మొంటానస్ మరల రాస్మస్ బెర్గు అయ్యెను. భూమి అట్టువలె చదునైనదని ఒప్పుకొనెను. లెఫ్టినెంటు నీతి చెప్పి విడిచిపెట్టెను, యెరోనిముసు కూతునిచ్చెను.

1633లో రోమునగరమున గెలీలియోచేత భూచలనమును త్రోసిపుచ్చునట్లు చెప్పించినది హోల్బెర్గునకు తొంబది యేండ్లకు పూర్వపు మాట. చరిత్రాచార్యుడు కాబోవువానికి అది తెలియదా? కొందరు ఈ పోలికను తెచ్చి, ఎరాస్మసు సత్యమునకై బాధపడినవాడని, నాటకము నిజమునకు విషాదాంతమని చెప్పదురు. అంతదూరము నేను పోజాలను. గెలీలియో బృహస్పతి చంద్రులను దుర్బిణితో చూచినవాడు. ఎరాస్మసు భూమి ఆకారమును కోపెన్‌హేగనులో వినివచ్చినవాడు. సత్యమును సంపాదించినవానికి, సత్యమును బయానాగా పుచ్చుకొన్నవానికి భేదము కలదు. అయినను కర్ర మాత్రము రెండుచోట్లను కర్రయే. చదువుకు గర్వమున్నచో దానిని తగ్గించుటకు సామెత కలదు, ప్రహసనము కలదు, మహాభాష్యపు సారథి కలడు. కార్పొరలుతో దానిని తగ్గించిన ఊరు రేపు ఆ కార్పొరలునకే లోబడును. లెఫ్టినెంటు ఆ పల్లెకు వచ్చినది ఎరాస్మసు కొరకు మాత్రమే కాదు. రాజునకు సిపాయిలు కావలెను, యాకోబును బలిష్ఠుడే.

తెలుగు విద్యార్థులు ఈ నాటకమును ఆడదలచిన యెడల కొన్ని చిక్కులు కలవు. లాటినునకు బదులు సంస్కృతము పెట్టవలెనా, ఆంగ్లము పెట్టవలెనా? సంస్కృతము పెట్టిన పేరు పాత్ర మిక్కిలి రక్తికట్టును. శబ్దమంజరి అప్పగించిన చాలును. ఆంగ్లము పెట్టిన సైన్యమున చేర్చుకొను ఘట్టము సహజముగా నుండును. నేనైనచో సంస్కృతమే పెట్టి, లెఫ్టినెంటుచేత మాత్రము పొట్టి పొట్టి ఆంగ్లపు ఆజ్ఞలు పలికింతును. రాయి ఘట్టమున నిల్లె పాత్రధారిణి ప్రేక్షకులను నవ్వింపజూడరాదు; ఆమె నిజముగా భయపడినచో వారే నవ్వుదురు, నవ్వి ఊరకుందురు. ఇక చివరి ఒప్పుకోలు. దానిని అరచి చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట తేలిక. ఎరాస్మసు దానిని మెల్లగా, యెరోనిముసు వైపు తిరుగక, కార్పొరలు చేతికర్రవంక చూచుచు పలుకవలెనని నా అభిప్రాయము.